తాలు గుళికలు

కోటేశ్వరిని చంపింది మిరపకాయ కాదు. గుళిక. ఈ విషయంలో పేరయ్యకు అనుమానం ఎప్పుడూ లేదు. ఇంకొకరి అభిప్రాయంతో పనీ లేదు. రికార్డులో మాత్రం "దీర్ఘకాలిక మిరప ఘాటు వల్ల జీర్ణకోశం దెబ్బతిని మృతి" అని రాశారు. పదకొండేళ్లు మిరపకాయలు ఏరిన మనిషి. మిరప చంపదలుచుకుంటే పదకొండేళ్లు ఆగదు.

2007 ఏప్రిల్. గుంటూరు. ఉదయం పదిగంటలకే తారు మెత్తబడింది.

పేరయ్య టీ సైకిలును పత్తి విత్తనాల కొట్టు ముందు స్టాండు వేశాడు. లోపలికి వెళ్లి కౌంటరు మీద చెయ్యి పెట్టాడు.

"గులాబీ పురుగుకు మందుందా?"

"మందుంది. పురుగే రావడం మానేసింది" అన్నాడు కౌంటరులో మనిషి, తల ఎత్తకుండా.

సరైన జవాబు. పేరయ్య బస్తాల మధ్య నుంచి వెనక గదిలోకి వెళ్లాడు. అది విత్తనాల గోడౌను కాదు. సెంట్రల్ బ్యూరో, గుంటూరు ఫీల్డ్ ఆఫీస్. గోడకు మ్యాపు, బల్ల మీద వైర్‌లెస్ సెట్టు, పక్కన పాత టేపు రికార్డరు. వీటన్నిటి వెనక చీఫ్ మొహిద్దీన్ బాషా.

మిర్చి యార్డులో పేరయ్య అంటే టీ అమ్మేవాడు. బ్యూరో ఫైలులో ఏజెంట్ 17, కోడ్ నేమ్ డస్ట్. మిరప కొనడానికి వచ్చే విదేశీయుల్లో ఎవరు మిరప కోసం వచ్చారో, ఎవరు ఇంకో పని మీద వచ్చారో కనిపెట్టడం అతని డ్యూటీ. పదో తరగతి దాకా ఊరి బడిలో చదివినవాడికి ఇంతకంటే పెద్ద పోస్టు ఇవ్వరు. ఇచ్చినది ఎవరికీ చెప్పుకోనివ్వరు. భార్యకు కూడా. కోటేశ్వరి టీ అమ్మేవాడి పెళ్లాంగానే బతికింది, అలాగే పోయింది.

"కూర్చో" అన్నాడు బాషా.

"నిలబడే చెప్పండి సార్."

బాషా ఒక ఫోటో తోశాడు. నెరిసిన జుట్టు, నీలికళ్లు, మెడలో సిల్కు రుమాలు.

"డాక్టర్ రూడెన్. ఓరివెల్ లైఫ్ సైన్సెస్ అధిపతి. పేరుకు కంపెనీ. నిజానికి ముఠా. దేశానికో పేరు, దేశానికో పాస్‌పోర్టు. ఇంతకుముందు రెండు దేశాల్లో కడుపుమంటకు మందంటూ ఇదే గుళికను పేదవాళ్ల మీద టెస్ట్ చేశాడు. రెండుచోట్లా ఫైళ్లు మాయమయ్యాయి. ఇక్కడ మూడోసారి. గుళికలో ఉన్నది గ్రీన్ టీ."

"టీలో ఏముంది సార్ చంపడానికి?"

"టీలో ఏమీ లేదు. ఆకులో కెటెకిన్లని ఉంటాయి. కప్పులో వేసుకుని రోజుకు రెండుసార్లు తాగు, కడుపు లోపలి పొర వాపు తగ్గొచ్చు, పేగుల్లో మంచి సూక్ష్మజీవులకు మేలు చెయ్యొచ్చు. సైంటిస్టులు అదే అంటున్నారు. రూడెన్ ఏం చేశాడంటే, పది పన్నెండు కప్పుల సారాన్ని పిండి ఒక్క గుళికలో కుక్కాడు. పైగా పరగడుపున మింగమన్నాడు. ఖాళీ కడుపున మింగితే అదంతా ఒక్కసారి రక్తంలోకి పోతుంది. లివర్ తట్టుకోదు."

కోటేశ్వరి కళ్లు పసుపు పచ్చగా మారడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అతను వేరే ఊళ్లో డ్యూటీలో ఉన్నాడు.

"ఈ సాయంత్రం నాలుగు గంటలకు హోటల్లో అగ్రిమెంట్" అన్నాడు బాషా. "ఎథిక్స్ కమిటీ తరఫున డాక్టర్ భవ్య సంతకం పెడితే, రేపు ఉదయం నుంచి నలభై వేల మంది కూలీలకు గుళికలు పంచుతారు. మార్టూరు క్వారీల దగ్గర నుంచి వినుకొండ పత్తి చేల దాకా. ఆవిడ సంతకం పెట్టడానికి ఒకే కారణం ఉంది. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో చేసిన ట్రయల్లో సగం మందికి అసలు గుళిక, సగం మందికి పిండి నింపిన డమ్మీ. ఎవరికి ఏది పడిందో మింగినవాళ్లకు తెలియదు. ముగ్గురు పోయారు. అసలు మింగినవాళ్లలో ఒకరు, డమ్మీ మింగినవాళ్లలో ఇద్దరు. కాబట్టి మందు తప్పు లేదని రూడెన్ వాదన."

"డమ్మీ మింగిన ఇద్దరిలో కోటేశ్వరి ఒకతి అన్నారు."

"నంబరు నలభై ఒకటి. ఆ లిస్టు ఫోర్జరీ అని నా అనుమానం. చావుల తర్వాత పేర్లు అటూ ఇటూ మార్చి ఉంటారు. ఒరిజినల్ లిస్టు కావాలి. పదకొండు గంటలకు సిద్దికా తెచ్చిస్తుంది."

"ఎవరు సిద్దికా?"

"ఓరివెల్ ట్రయల్ మేనేజర్. రెండేళ్లుగా మన మనిషి. సత్తెనపల్లి పిల్లే. తల్లి కోల్డ్ స్టోరేజీలో కాయలు ఏరి చదివించింది."

"లిస్టు దొరికితే?"

"రికార్డులో మిరప కొట్టేసి గుళిక అని రాస్తారు. రూడెన్ జైలుకు పోతాడు."

పేరయ్యకు కావలసింది ఆ మొదటి ముక్క. ఆ ఒక్క మాట మార్పించడానికే మూడు నెలలుగా అన్నం తింటున్నాడు.

*

కోల్డ్ స్టోరేజీ షెడ్డు గేటు పక్కన పేరయ్య టీ సైకిలు. పెద్ద ఫ్లాస్కు అడుగున బ్యూరో అమర్చిన రహస్య అర. అందులో ఒక సెల్‌ఫోను, ఒక భూతద్దం. పైన అల్లం టీ. పక్కన గ్రీన్ టీ పొట్లాలు కూడా ఉన్నాయి. బ్యూరో ఆర్డరు మీద పెట్టాడు. మూడు నెలల్లో ఒక్కటి అమ్ముడుపోలేదు. ఒకసారి వెంకటరావమ్మ పాలూ పంచదారా పోసి మరిగించమంది. తాగి, "ఇదేందయ్యా, గడ్డి నానబెట్టిన కుడితిలాగుంది, బర్రెకు పొయ్యి" అని గ్లాసు తిరిగిచ్చింది.

సరిగ్గా పదకొండుకు నల్లకారు ఆగింది. సిద్దికా దిగింది. నల్లకళ్లద్దాలు, నెమలి రంగు పట్టుచీర, ఎండలో కూడా చెదరని లిప్‌స్టిక్. గేటు దగ్గర బస్తాలు మోసే హమాలీలు నడక మరిచిపోయారు.

"గ్రీన్ టీ ఉందా?" అంది.

"ఉంది. పాలు పొయ్యమంటారా?"

"పోస్తే గుణం చస్తుంది."

కోడ్ సరిపోయింది. పేరయ్య గ్లాసు అందించాడు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం అతని చేతిలోకి మారింది.

"ఒరిజినల్ లిస్టు" అంది, పెదవులు కదలకుండా. "ట్రయల్ మొదలు కాకముందు సంతకాలు పెట్టి సీలు వేసింది. చూసుకో పేరయ్యా. చూసుకుని ఇంటికెళ్లి పడుకో."

ఆ ఆఖరి మాట అతనికి నచ్చలేదు. ఆమె గ్లాసు పెదవికి కూడా ఆనించకుండా సైకిలు మీద పెట్టి వెళ్లిపోయింది.

గొట్టంలో చుట్టిన ఫిల్ము. పేరయ్య దాన్ని ఎండకు పట్టి భూతద్దంలో చూశాడు. తేదీ సరైనదే. సంతకాలు సరైనవే. నాలుగు చోట్ల వేసిన రహస్య గుర్తులు కూడా బాషా చెప్పినట్టే ఉన్నాయి. ఫోర్జరీ కాదు.

నంబరు 41. కోటేశ్వరి. డమ్మీ.

రెండోసారి చూశాడు. మూడోసారి చూశాడు. డమ్మీ.

ఫోను తీశాడు. "సార్. లిస్టు అసలుదే. ఆమెకు పిండి గుళికలే ఇచ్చారు."

బాషా గొంతు పొడిగా వచ్చింది. "అయితే రూడెన్ నిజమే చెప్పాడు. మన దగ్గర ఇంక ఏమీ లేదు. మిషన్ క్లోజ్డ్. వెనక్కి వచ్చెయ్."

"రాను."

"ఇది ఆర్డర్."

"ఆఖరి రోజు నా పెళ్లాం కళ్లు నేను చూశాను సార్. పిండి మింగితే పచ్చబడవు."

ఫోను కట్టేసి అరలో పడేశాడు. పదకొండేళ్లలో చీఫ్ మాట వినకపోవడం అదే మొదటిసారి. పశ్చాత్తాపం కలగలేదు. ఈ పని ముందే చెయ్యాల్సిందనిపించింది.

*

ఒకటిన్నరకు షెడ్డులో అన్నాల వేళ. నలభై మంది ఆడవాళ్లు మిరప రాశుల పక్కనే కేరియర్లు విప్పారు. పేరయ్య ఫ్లాస్కు పట్టుకుని వరుసలో తిరుగుతున్నాడు. షెడ్డు అంతా ఎరుపు. ఒకవైపు ఏరిన మంచి కాయలు, ఇంకోవైపు తాలు. తాలంటే రంగు పోయి, తెల్లబడి, చేతిలో తేలిపోయే కాయ.

జాన్‌బీ గ్లాసు చాపింది. నలభై ఏళ్ల మనిషి, కోటేశ్వరి పక్క పీట మీద తొమ్మిదేళ్లు కూర్చుంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి టీ కోసం ఆగింది. రెండో చెయ్యి రాశిలో ఏరుతూనే ఉంది. కళ్లు మాత్రం పేరయ్య మీద.

"ఏంటన్నయ్యా, మొహం అట్టా పెట్టావు?"

"చూడకుండా ఏరుతున్నావే."

"చూసేదేముంది? వేళ్లకు తెలవదా?" నవ్వింది. "ఈ వేళ్లు దేన్నీ వదిలిపెట్టవు. ఇంట్లో కందిపప్పు ముట్టుకున్నా రెండు కుప్పలైపోద్ది. మా ఆయన చిల్లర బల్ల మీద పెడితే అదీ ఏరి పెట్టానంట, తిట్టాడు."

"గుళికలు కూడా ఏరింది" అంది అవతల నుంచి వెంకటరావమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

పేరయ్య చేతిలో ఫ్లాస్కు ఒంగింది. గ్లాసు నిండి పొర్లింది.

"అయ్యో, చెయ్యి కాల్తంది!"

"ఏ గుళికలు?"

"కంపెనీ గుళికలన్నయ్యా, కడుపుమంటకి ఇచ్చినయ్యి. మనిషికో డబ్బీ. మొదటి రోజే తెలిసిపోయింది. కొన్ని బరువుగా ఉన్నయ్యి, అతుకు దగ్గర వాసన చూస్తే ఆకు వాసన. కొన్ని తాలు. వట్టి పిండి."

"ఆ దొర ఒకళ్లకి మంచియ్యీ, ఒకళ్లకి తాలువీ ఇచ్చాడయ్యా!" వెంకటరావమ్మ గొంతు పెంచింది. "ఒకే షెడ్డులో కూర్చున్నాం, అందరి కడుపులూ మండుతున్నయ్యి. ఇదేం పంపకం? ఊరుకుంటామా? డబ్బీలన్నీ చేటలో బోర్లించాం. ఏరించాం. తాలువన్నీ మురుక్కాలవలో పోశాం. మంచియ్యి సమానంగా పంచుకున్నాం."

"కొన్ని తాలువి గేటు కాసే బుడాన్ కోళ్లకేశాం" అంది జాన్‌బీ. "బాగానే గుడ్లు పెట్టినయ్యి."

షెడ్డంతా నవ్వింది.

పేరయ్య నవ్వలేదు. రూడెన్ లెక్క అతని ముందే కూలిపోతోంది. అసలు మింగినవాళ్లు, డమ్మీ మింగినవాళ్లు అనే రెండు వర్గాలే లేవు. షెడ్డులో అందరూ అసలుదే మింగారు. డమ్మీ మింగింది కోళ్లు. ఏ దేశపు కంపెనీ అయినా మోసపోతుంది. రోజుకు పదిగంటలు మంచీ తాలూ వేరుచేసే ఆడవాళ్ల చేతికి రెండు రకాలు కలిపి ఇచ్చి, తేడా తెలుసుకోకండి అన్నారు.

"కోటేశ్వరి ఎన్ని మింగేది?" అన్నాడు. అడక్కుండా ఉండాల్సింది.

జాన్‌బీ గొంతు తగ్గింది. "వదినకి మంట ఎక్కువ గదన్నయ్యా. అందుకని మా ఆరుగురి వాటాల్లోంచి రోజుకొకళ్లం ఒకటి ఇచ్చేవాళ్లం. దాని సొంత వాటాకి తోడు. వద్దంటే వినేదాన్ని కాదు. బరువైనవి చూసి, నేనే ఏరి, నా చేత్తో నోట్లో వేసేదాన్ని. అల్లా సాక్షిగా, ఒక్క రోజు మరిచిపోలేదు."

పేరయ్య ఫ్లాస్కు మూత బిగించాడు.

"జాన్‌బీ. లెయ్. నాతో రావాలి."

"అన్నం..."

"తర్వాత. ఇంకా ఆ గుళికలు మింగుతున్నారా?"

"రేపు కొత్త డబ్బీలిస్తారంట గదా."

"ఎవరూ మింగొద్దు. ఒక్కటి కూడా." షెడ్డు అంతటికీ వినపడేలా అరిచాడు. టీ పేరయ్య అరవడం అక్కడ ఎవరూ అంతకుముందు వినలేదు. నవ్వులు ఆగిపోయాయి.

*

గేటు బయట రోడ్డు మలుపులో నల్లకారు ఉంది. సిద్దికా వెళ్లిపోలేదు. కళ్లద్దాలు తీసి షెడ్డు వైపు చూస్తోంది. పేరయ్య పక్కన జాన్‌బీ కనపడగానే ఫోను చెవికి పెట్టింది. కారులోంచి సఫారీ సూట్లలో ఇద్దరు దిగారు. ఒకడి చెయ్యి కోటు కింద ఉంది.

"ఎవరన్నయ్యా వాళ్లు?"

"చుట్టాలు కాదు. నడువ్."

సైకిలు వదిలేసి, ఫ్లాస్కు భుజాన వేసుకుని, పేరయ్య వెనక గేటు గుండా మిర్చి యార్డులోకి దారి తీశాడు. ఏప్రిల్ యార్డు. కొండలకొద్దీ బస్తాలు, లారీలు, ట్రాక్టర్లు, దారి అన్న మాట లేదు. ఒక చోట శాంపిల్ కోసం బస్తాలు కోసి కాయలు కుమ్మరిస్తున్నారు. గాలి ఎర్రగా ఉంది. పేరయ్య అందులోంచే నడిచాడు. జాన్‌బీ కొంగు కూడా ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.

వెనక దగ్గు మొదలైంది. ఇద్దరిదీ. ముందు చిన్నగా, తర్వాత ఊపిరి అందనంతగా. యార్డులో దగ్గేవాడు బయటివాడు. హమాలీలందరూ అటు తిరిగి చూశారు.

"ఏరా, ఎవరి కోసంరా? తుపాకేందిరా కోటు కింద?" అని ఒక గొంతు.

పేరయ్య వెనక్కి చూడలేదు. మెయిన్ గేటు దగ్గర ఆటో ఎక్కి టైము చూశాడు. రెండున్నర. కానీ సీజను రోజు, యార్డు రోడ్డు మీద మైలు పొడుగున ట్రాక్టర్లు. ఆటో కదలదు. అరగంట చూసి, దిగి నడిచారు. బ్రాడీపేట దాటేసరికి మూడూ నలభై.

"గుళికలు ఏరి చూపించాలి. అంతే" అన్నాడు పేరయ్య. "ఎవరికి ఎన్ని ఇచ్చారని అడిగితే, అందరం పంచుకున్నాం అను. కోటేశ్వరి పేరు ఎత్తొద్దు."

"ఎందుకని?"

"ఎత్తొద్దన్నాను."

*

హోటలు గేటు దగ్గర, లిఫ్టు దగ్గర, హాలు తలుపు దగ్గర ఓరివెల్ గార్డులు. వంటగది తలుపు దగ్గర ఎవరూ లేరు. పేరయ్య ఫ్లాస్కుతో, జాన్‌బీ కప్పుల ట్రేతో లోపలికి నడిచారు. టీ తెచ్చేవాణ్ని ఏ హాల్లోనూ ఎవరూ ఆపరు. బ్యూరో నేర్పిన మారువేషాలన్నిటిలో పనికొచ్చింది ఇదొక్కటే. దీనికి వేషం కూడా అక్కర్లేదు.

మూడూ నలభై ఆరు. సంతకాలు అప్పుడే మొదలెట్టారు. పొడవైన బల్ల, తెల్ల గుడ్డ. మధ్యలో రూడెన్, మెడలో సిల్కు రుమాలు. ఒక పక్క సిద్దికా. ఇంకో పక్క ముప్పై అయిదేళ్ల డాక్టర్ భవ్య, కాటన్ చీర, చేతిలో పెన్ను. మొదటి పేజీ సంతకం అయిపోయింది. రెండోది అవుతోంది. మూడోదే ఆఖరిది.

సిద్దికా పేరయ్యను చూసింది. మొహంలో రంగు మారలేదు. పర్సులోకి చెయ్యి మాత్రం పోయింది.

"అమ్మా" అన్నాడు పేరయ్య భవ్యతో. "ఆ సంతకానికి ముందు ఒక్క నిమిషం. ఈమె జాన్‌బీ. మీ ట్రయల్లో నంబరు ముప్పై ఎనిమిది. మీకు చెప్పుకునేది ఉంది."

"హూ ఈజ్ దిస్ మ్యాన్?" అన్నాడు రూడెన్.

"టీ మ్యాన్" అన్నాడు పేరయ్య.

గార్డులు ముందుకు కదిలారు. భవ్య పెన్ను ఎత్తి ఆపింది. "ఆగండి. ట్రయల్లో ఉన్న మనిషికి నాతో మాట్లాడే హక్కుంది. చెప్పమ్మా."

జాన్‌బీ చుట్టూ చూసింది. ఏసీ, షాండ్లియర్లు, తెల్లతోలు మనుషులు. ఒక్క క్షణం తడబడింది. తర్వాత షెడ్డులో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడింది.

"మీరు కలిపి ఇచ్చిన గుళికలు మేం ఏరుకున్నాం డాక్టరమ్మా. మంచియ్యి తిన్నాం. తాలువి పారేశాం. షెడ్డులో అందరం."

రూడెన్‌కు ఎవరో ఇంగ్లిషులో చెప్పారు. అతను పెద్దగా నవ్వాడు. "ఇంపాసిబుల్! రంగు ఒకటే, సైజు ఒకటే. నా ల్యాబులో నా కెమిస్టులే చెప్పలేరు."

"మీ కెమిస్టులు కాయలు ఏరారా?" అన్నాడు పేరయ్య.

భవ్య నవ్వలేదు. బల్ల మీద కమిటీ సీలు వేసిన శాంపిల్ పెట్టె ఉంది. లోపల నలభై గుళికలు, ఇరవై అసలువి, ఇరవై డమ్మీవి, ప్రతి గుళిక మీద ఇసుక రేణువంత అంకె. ఏ అంకె ఏ రకమో చెప్పే కాగితం వేరే కవరులో ఉంది. పెట్టె సీలు ఆమే తెంచింది. గుళికలు ప్లేటులో పోసి కలిపింది.

"ఏరు."

"కళ్లకు గుడ్డ కట్టండి" అన్నాడు పేరయ్య. "తర్వాత అంకెలు చదివిందంటారు."

"నాకు చదువే రాదు గదన్నయ్యా!" అంది జాన్‌బీ. అయినా కట్టించుకుంది.

వేళ్లు ప్లేటులోకి దిగాయి. షెడ్డులో ఎలా కదులుతాయో అలాగే కదిలాయి, ఆగకుండా, తొందరపడకుండా. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. హాల్లో గుళికలు ప్లేటుకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. నిమిషం కూడా పట్టలేదు. కుడి కుప్ప. ఎడమ కుప్ప. మధ్యలో ఒక్క గుళిక విడిగా పెట్టింది.

"అదేంటి?" అంది భవ్య.

"అది మంచిదీ కాదు, తాలూ కాదమ్మా. సగం నిండింది. ఇట్టాంటిది మా మేస్త్రీకి చూపిస్తే పక్కన పెట్టమంటాడు."

భవ్య కవరు చింపింది. అంకెలు ఒక్కొక్కటే చూసింది. కుడి కుప్ప ఇరవై, అన్నీ డమ్మీ. ఎడమ కుప్ప పంతొమ్మిది, అన్నీ అసలువి. మధ్య గుళికను కత్తితో కోసింది. ఆకుపచ్చ పొడి. సగమే ఉంది.

మూడూ యాభై తొమ్మిది. భవ్య మూడో పేజీని సంతకం లేకుండానే నాలుగు ముక్కలు చేసింది. ముందు పెట్టిన రెండు సంతకాలూ కొట్టేసింది.

"ట్రయల్ చెల్లదు. డమ్మీ వర్గమనేది అసలు లేనే లేదు. చనిపోయిన ముగ్గురూ ఈ మందు మింగినవాళ్లే అయ్యుండాలి. పంపిణీ ఆపండి. అందరికీ లివర్ టెస్టులు, ఈ రాత్రి లోపల."

రూడెన్ లేచి నిలబడి అరిచాడు. మూడు భాషల్లో అరిచాడు. ఏ భాషలోనూ ఎవరూ జవాబు చెప్పలేదు.

సిద్దికా తలుపు దగ్గరకు చేరుకుంది. పర్సులోంచి బయటికొచ్చిన చేతిలో చిన్న పిస్టల్. పేరయ్య ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో పేరయ్యా. లిస్టు నిజమైనదే ఇచ్చాను. నేను మోసం చెయ్యలేదు."

"నిజమైనది కాబట్టే ఇచ్చావు. దాన్ని చూస్తే బ్యూరో ఇంటికి పోతుందని నీకు తెలుసు."

"రుజువు?"

"మీ అమ్మ సత్తెనపల్లిలో కాయలు ఏరింది. నువ్వు ఆమె పక్కన పెరిగావు. ఆ ఆడవాళ్ల చేతికి డబ్బీలిచ్చిన రోజే, ఏరేస్తారని నీకు తెలుసు. రూడెన్‌కు తెలియదు. నీకు తెలుసు."

ఆమె కళ్లు ఒక్కసారి వాలాయి. ఆ ఒక్కసారి చాలు. వేడి టీ ఫ్లాస్కు ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ నేల మీద పడింది. తలుపు తెరుచుకుంది. బయట బాషా, వెనక నలుగురు.

"నేను క్లోజ్డ్ అన్నాను" అన్నాడు బాషా.

"విన్నాను సార్."

"వినలేదేమో అనుకుని వచ్చాను."

*

అరగంట తర్వాత హాలు ఖాళీ అయింది. రూడెన్‌ను, సిద్దికాను రెండు జీపుల్లో తీసుకుపోయారు. భవ్య పేరయ్యను పక్కకు పిలిచింది. ఆమె చేతిలో కోటేశ్వరి కేస్ షీటు ఉంది.

"మీ భార్య అని ఇప్పుడే చెప్పారు. ఐ యామ్ సారీ. ఆమె రిపోర్టు చూస్తే, మిగతావాళ్ల కంటే రెట్టింపు డోసు పడినట్టుంది. ఎలా పడింది? ఎవరైనా ఎక్కువ ఇచ్చారా? ఇచ్చినవాళ్లు ఒక్క స్టేట్‌మెంట్ మీద సంతకం పెడితే చాలు. వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. మిరప అన్న మాట కొట్టేసి, గుళిక అని నేనే రాస్తాను. ఆ అదనపు డోసు ఎక్కడిదో తేలకపోతే ఈ ఒక్క కేసు మాత్రం ఇలాగే ఉండిపోతుంది. రూల్."

తలుపు అవతల కారిడార్లో జాన్‌బీ కూర్చుని ఉంది. హోటలు వాళ్లు ఇచ్చిన కాఫీ సాసరులో పోసుకుని తాగుతోంది. వేళ్లు ఒళ్లో ఊరికే ఉన్నాయి. ఏరడానికి ఏమీ లేక.

ఆ వేళ్లే. బరువైనవి చూసి ఏరాయి. ఒక్క రోజు మరిచిపోలేదు.

"తెలియదు" అన్నాడు పేరయ్య.

"ఆలోచించండి. ఇంకో అవకాశం ఉండదు."

"తెలియదన్నాను గదమ్మా."

భవ్య షీటు మూసింది. లోపల మిరప అలాగే ఉంది.

జాన్‌బీని ఆటో ఎక్కించాడు. ఆమె ఎక్కి, కూర్చుని, దిగబోయి, మళ్లీ కూర్చుంది.

"అన్నయ్యా. ఆ డాక్టరమ్మ లివరు లివరు అంటోంది. ఆ గుళిక చెడ్డదంట గదా. మరి వదినకి నేను..."

"అది వేరు."

"నిజం చెప్పన్నయ్యా."

"రేపు రక్తపరీక్షకు పొద్దున్నే రా. అన్నం తినకుండా రమ్మన్నారు. డ్రైవరూ, పోనీ."

ఆటో పోయింది. ఆమెను క్షమించాడా అంటే, లేదు. ఆమెను కాదు, రూడెన్‌ను కాదు, సిద్దికాను కాదు. మూడు వారాలు ఇంటికి రాని టీ పేరయ్యను అసలే కాదు. క్షమించడం వేరు, చెప్పడం వేరు. రెండోది తన చేతిలో ఉంది.

ఆరు గంటలకు విత్తనాల కొట్టు వెనక గది. బాషా టేపు రికార్డరులో కొత్త క్యాసెట్టు పెట్టి రెండు మీటలు నొక్కాడు.

"ఫైనల్ డీబ్రీఫింగ్. ఏజెంట్ 17. నంబరు నలభై ఒకటి మరణం. ఎవరి గుళికలు, ఎవరిచ్చారు. రికార్డు కోసం చెప్పు."

"ఈ సంగతి ఇంతటితో సరి సార్. ఇవాళ మాట్లాడను, రేపు మాట్లాడను. మీరడిగినా, ఢిల్లీ అడిగినా, కోర్టు అడిగినా నా నోట్లోంచి రాదు. టేపు ఆపండి."

"ఆపను. నువ్వు చెప్పేదాకా తిరుగుతుంది."

"తిరగనివ్వండి."

తిరిగింది. ఆ క్యాసెట్టు ఇప్పటికీ బ్యూరో బీరువాలో టాప్ సీక్రెట్ ముద్రతో ఉంది. అరగంట పొడవు. ఫ్యాను చాలా స్పష్టంగా వినిపిస్తుంది.